ఖాళీగా పంపకూడని గిన్నె

ఎల్మ్ ప్రైరీ,
అక్టోబరు 9

నా బంగారు మార్లిస్‌కి,

నీ ఉత్తరం అందింది. తప్పులు మూడే. ముప్పై నాలుగేళ్ళు ఈ ఊరి పిల్లలకి లాటినూ ఇంగ్లీషూ చెప్పిన చెయ్యి ఊరుకోదు కదా, ఎర్రసిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను. ఏమీ అనుకోకు. ఎనభై దగ్గర పడినా నేర్చుకోవడానికి సిగ్గేమిటి?

హార్లన్ ఎలా ఉన్నాడని అడిగావు. బతికే ఉన్నాడు. ఇంటికి తీసుకొచ్చి పదిహేను రోజులైంది. గుండెకి పోయే నాళాలు మూడింట్లో రెండు మూసుకుపోయాయట, మూడోది ఆలోచిస్తోందట. ఆ కుర్ర డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, ఆయన ప్రాణం నా చేతిలో లేదు, మీ వంటింట్లో ఉంది. గొడ్డుమాంసం, పందిమాంసం, వెన్న, ఉప్పు మానకపోతే ఆయన వచ్చే వసంతం చూడరు" అన్నాడు. ఆ మాట నేను పొల్లుపోకుండా పట్టుకున్నాను. యాభై ఒక్క ఏళ్ళు భరించిన మనిషిని అంత తేలిగ్గా పోనిస్తానా? తొంభై ఏళ్ళు బతికిస్తాను. తనకి ఇష్టమున్నా లేకపోయినా.

ఆసుపత్రిలో ఉన్న వారం చర్చి ఆడవాళ్ళు పదకొండు గిన్నెలు పంపారు. గుండె ఆగబోయినవాడికి పదకొండింట్లో తొమ్మిది చీజులో మునిగినవే. జాలితో చంపడమంటే అదే. అన్నీ కడిగి, అడుగున టేపు మీద పేర్లు చూసి ఎవరివి వాళ్ళకి చేర్చాను. ఖాళీ గిన్నె తిప్పి పంపితే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది కనక ఒక్కో దాన్లో నాలుగేసి అల్లం బిస్కెట్లు పెట్టాను. ఓర్డెల్ గిన్నెలో మాత్రం రెండే. దాని వంటకి అవి కూడా ఎక్కువ. నీ నీలిపూల గాజుగిన్నె ఒక్కటే రాలేదు. ఒట్టిచేతులతో వచ్చి పలకరించి వెళ్ళావు. నేనేమీ అనుకోలేదులే. గుర్తుపెట్టుకున్నానంతే.

మా ఇంట్లో గురువారం మీట్‌లోఫ్ పూట అని నీకు తెలుసు. మా అమ్మ పద్ధతి. గొడ్డుమాంసం కైమా, పందిమాంసం కైమా చెరిసగం, పైన పంది కొవ్వు పట్టీలు, ఇటుకలా చేసి ఓవెన్లో కాల్చేది. దాన్ని తిన్నాకే హార్లన్ నన్ను పెళ్ళాడతానన్నాడు, నన్ను చూసి కాదు. ఇప్పుడు దాన్ని టర్కీ కోడితో చేస్తున్నాను. ఎలాగని అడిగావు కనక రాస్తున్నాను, జాగ్రత్తగా చదువుకో. ఒట్టి రొమ్ముమాంసం కొనకు, రంపంపొట్టు తిన్నట్టుంటుంది. తొడమాంసం కలిపిన కైమా తీసుకో. గుప్పెడు ఓట్స్ పాలల్లో పది నిమిషాలు నాననివ్వు. ఉల్లిపాయా పుట్టగొడుగులూ సన్నగా కొట్టి, నీరంతా ఇగిరేదాకా వేయించి చల్లార్చు. ఒక గుడ్డు, మిరియాలు. ఆ పైన అసలు సంగతి: మా పెరటి చెట్టు పుల్ల ఆపిల్ ఒకటి తురిమి, పిండకుండా రసంతో సహా వెయ్యి. ఉప్పు లేని లోటు ఆ పులుపే తీరుస్తుంది. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చేత్తో అదమకు, ఊరికే దగ్గరికి చెయ్యి. పైన టమాటా గుజ్జులో వెనిగర్ కలిపి పూసి, ముప్పావుగంట పైన కాల్చు. వేరే పళ్ళెంలో క్యారెట్లు, గుమ్మడి ముక్కలు, గోలీలంత చిట్టి క్యాబేజీలు, కాస్త ఆలివ్ నూనె. ఒకదాన్నొకటి తాకకుండా పరిస్తే వేగుతాయి, గుట్టపోస్తే ఉడుకుతాయి. మనుషుల్లాగే.

మొదటిసారి వడ్డిస్తే హార్లన్ ముక్కని ఫోర్కుతో కదిపి చూసి, "ఏమిటిది?" అన్నాడు.

"మీట్‌లోఫ్."

"ఆ సంగతి దీనికి తెలుసా?"

ఉప్పు అడిగాడు. "శవపెట్టెలో పడుకోబెట్టేటప్పుడు వేయిస్తాలే, కుళ్ళకుండా ఉంటావు" అన్నాను. మెల్లగా నములుతుంటే, "తొందరలేదు, నీ మిగతా నాళం కూడా అంతే నిదానంగా ఉంది" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నా మాటలకి ఈ ఊరంతా నవ్వుతుంది. సగం ముక్క తిని చెయ్యి కడుక్కున్నాడు. రెండో గురువారం ఇంకా తక్కువ. మిగిలింది కుక్క తిన్నది, అదీ నా మొహం చూస్తూ, మర్యాదకి. ఆకలేదంటాడు. మధ్యాహ్నం ధాన్యం గోదాము దగ్గర మగాళ్ళతో కాఫీకి వెళ్ళొస్తాడు, అంతే.

నాకు భయంగా ఉంది మార్లిస్. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయను, చదివి చింపెయ్యి. తినకపోతే పోతాడు. మళ్ళీ పాత తిండి తిన్నా పోతాడు. నాకు తెలిసిన దారి ఇదొక్కటే, దీన్ని తను నోట పెట్టడు.

నీ
వెర్నా

•

ఎల్మ్ ప్రైరీ,
నవంబరు 14

నా ప్రాణస్నేహితురాలికి,

ఈ ఉత్తరం పోస్టులో రాదు, హార్లన్ తెస్తాడు. ఇందులో ఏముందో తనకి తెలియదు. "మార్లిస్ గిన్నె ఇచ్చి రా" అని మాత్రం చెప్పి పంపుతున్నాను. ఆ మాట వినగానే మనిషి మొహంలో ఉన్న ఆ కాస్త రక్తం ఎటు పోయిందో చూసి ఉండాల్సింది నువ్వు.

నిన్న పికప్ బండిలో గొడుగు కోసం వెతుకుతుంటే సీటు కింద పాత దుప్పట్లో చుట్టిన గాజుగిన్నె దొరికింది. నీలిపూలది. అడుగున టేపు పీకేసి ఉంది. తెలివైన పనే. కానీ ముప్పై ఏళ్ళు ఓవెన్లో కాలిన టేపు ఊరికే పోదు మార్లిస్, తన ఆకారం వదిలిపోతుంది. తెల్లగా, పొడుగ్గా, నీ పేరు పట్టేంత చోటు. పైగా అంచున ఆ పెచ్చు. చర్చి వంటింట్లో దాన్ని సింకుకి కొట్టి పెచ్చు లేపింది నేనే కదా. ఏడుస్తుంటే, "పోనీలే వెర్నా, ఇప్పుడిది మనిద్దరిదీ" అన్నావు. ఎంత దూరం ఆలోచించి అన్నావో ఇన్నాళ్ళకి తెలిసింది.

గిన్నె దొరకడం కాదు నన్ను కోసింది. అది కడిగి ఉంది. మూలమూలలా తోమి, తుడిచి. యాభై ఒక్క ఏళ్ళలో నా ఇంట్లో చెంచా కడగని మనిషి అతను.

అయితే గురువారం కాఫీ నీ బల్ల దగ్గరన్నమాట. మా అమ్మ మీట్‌లోఫ్ నీకు వచ్చు. నీ పెళ్ళికి చీటీ మీద రాసిచ్చింది నేనే. గొడ్డుమాంసం, పందిమాంసం, పైన కొవ్వు పట్టీలు. మధ్యాహ్నం నీ దగ్గర మెక్కి, సాయంత్రం నా దగ్గర ఆకలేదంటాడు. పోయిన వారం రక్తపరీక్షలో కొవ్వు దిగిందని డాక్టరు భుజం తట్టాడు. ఎవరిదో రక్తం చూసి ఉంటారు. నువ్వు ముద్ద ముద్దకీ అతన్ని చంపుతున్నావు. అతను నోరు తెరిచి పెట్టించుకుంటున్నాడు. నాకంటే నీకు వాడి నాలుక బాగా తెలుసునని గర్వపడుతూ ఉంటావు. మీ ఆయన లెరాయ్ పోయాక నువ్వు వండిపెట్టడానికి ఎవరూ లేరని జాలిపడ్డాను. నా మొగుణ్ణి సర్దుకుంటావనుకోలేదు.

సరే. మన దగ్గర గిన్నె ఖాళీగా తిప్పి పంపం కదా. నీ గిన్నెతో పాటు దాన్లో ఉండాల్సిన పదార్థాన్ని కూడా పంపుతున్నాను. నీ గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంటుంది చూడు. మందులూ బట్టలూ సంచీలో సర్ది బండి వెనక పెట్టాను. పొద్దున తెల్లమాత్ర, రాత్రి పసుపుమాత్ర. ఇక ఎంచుకో. పాత మీట్‌లోఫే పెడితే వసంతానికి ముందే చస్తాడు, అప్పుడు చర్చి మెట్ల మీద జనం నీ వంకే చూస్తారు. నాలాగా టర్కీ కోడి పెడితే సగం ముక్క తిని నీ బల్ల మీంచి కూడా లేచిపోతాడు, అప్పుడు నీ ఆకర్షణ ఎంతో నీకే తెలుస్తుంది. ఎటు చూసినా నాకు తృప్తే.

ఈ ఇంటి ముందు తలుపుకి తాళంచెవి ఉందని నాకే గుర్తులేదు. పొద్దున్నుంచీ వెతికితే కుట్టుపెట్టెలో దొరికింది. పనిచేస్తోంది.

ఇట్లు,
వెర్నా హాగ్లుండ్

•

ఆర్విల్లా,
నవంబరు 17

వెర్నాకి,

దిద్ది పంపకు. ఇది పరీక్ష కాగితం కాదు.

నా కళ్ళజోడు కనబడక నీ ఉత్తరం హార్లన్ చేతే పైకి చదివించాను. నిలబడే చదివాడు. మొత్తం. ఎక్కడ ఆగమని నువ్వు కామా పెట్టావో అక్కడ ఆగుతూ. "మెక్కి" అన్నచోట ఒకసారి దగ్గాడు, అంతే.

ఆ గిన్నెలో గొడ్డుమాంసం ఉందని ఎవరు చెప్పారు నీకు? నీ అక్టోబరు ఉత్తరం చింపలేదు నేను. నా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. ఓట్స్, పుట్టగొడుగులు, ఆపిల్, నువ్వు రాసింది రాసినట్టు. ఆపిల్స్ అతనే తెచ్చేవాడు, మీ చెట్టువే, కోటుజేబులో వేసుకుని. ఉప్పు నువ్వు వేసినంత కూడా వెయ్యను. నాకు భయం. ఆ రక్తం హార్లన్‌దే వెర్నా.

నీ ఉత్తరంలో నా గిన్నె రాలేదన్నావు చూడు, అది చదివి మర్నాడే గురువారం కదా, వండుకుని మీ ఇంటికే బయలుదేరాను. గోదాము దగ్గర మీ బండి ఆగి ఉంది. లోపల హార్లన్ ఒక్కడే. కాఫీకి లోపలికి పోలేదు. కిటికీ అద్దం తట్టి, "ఏమయింది హార్లన్, నొప్పిగా ఉందా?" అన్నాను. "ఏం లేదు. ఇక్కడ నిశ్శబ్దంగా ఉంది" అన్నాడు. గిన్నె వాసన చూసి, "అది వెర్నాదా?" అన్నాడు. వెర్నాది కాదు, వెర్నా చెప్పినట్టు చేసిందన్నాను. ఫోర్కు కూడా లేకుండా బండిలోనే సగం తిన్నాడు.

తర్వాతి గురువారాలు మా ఇంటికి వచ్చాడు. నేను పేపర్లో గళ్ళు నింపుకుంటాను, అతను తింటాడు. రెండేసి ముక్కలు. కూరలన్నీ. రేడియో కూడా పెట్టం. కడుగుతాడు, తుడుస్తాడు, వెళ్ళిపోతాడు. అంతే. ఇంకేదో ఉందని నువ్వు అనుకుని ఉంటావు. ఉంటే నీకు తేలికయ్యేది. అలా మొన్న మిగిలింది సాయంత్రం బండిలో తిని, కడిగి తెస్తానని గిన్నెతో పట్టుకుపోయాడు. టేపు పీకింది నేనే. అది నా తప్పే. నీతో చెబుతానంటే అతను ఒప్పుకోలేదు. "చెబితే దానికీ ఒక మాట అంటుంది" అన్నాడు. పెట్టెలో ఉప్పు వేయిస్తానన్నావటగా. అది చెప్పి నవ్వాడనుకోకు.

అతను నా ఇంట్లో లేడు. మా అబ్బాయి గరాజు మీద గదిలో ఉన్నాడు. గురువారం సాయంత్రం ఆరింటికి నీ దగ్గరికి వస్తాడు. సంచీ బండిలోనే ఉంటుంది. ఒక్క పూట మాట అనకుండా వడ్డిస్తే తిని, సంచీ లోపలికి తెచ్చుకుంటానన్నాడు. "పొగడక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు" అన్నాడు.

గిన్నె మా అబ్బాయి నీ గుమ్మంలో పెడతాడు. ఖాళీగా లేదు. తిని చూడు.

మార్లిస్

•

ఎల్మ్ ప్రైరీ,
నవంబరు 25

మార్లిస్,

తిన్నాను. గుమ్మంలోంచి తెచ్చి, కోటు కూడా విప్పకుండా, నిలబడే. మొదటి ముద్దలోనే ఆపిల్ తగిలింది.

గొడ్డుమాంసం అయితే క్షమించేదాన్ని. అది నాలుక బలహీనత, మగాళ్ళకి ఉంటుంది. పోనీ నీ పడకే అయినా ఏడ్చి, అరిచి, పాస్టర్ని పిలిచి, చివరికి క్షమించేదాన్నేమో. ఇది నా వంట. నా ఓట్స్, నా చెట్టు. నా బల్ల మీద సగం ముక్క దిగని గొంతులోంచి నీ బల్ల మీద రెండు ముక్కలు దిగాయి. అంటే వంటలో తీసెయ్యాల్సిన దినుసు నేనే. డాక్టరు ఆ జాబితాలో రాయడం మర్చిపోయాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరు మొదటినుంచీ మంచిదే, అందుకని నోటి సంగతి నేను చూసుకోలేదు.

గురువారం మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాను. ఓట్స్ నానబెట్టి ఆ పది నిమిషాలూ కుర్చీలో కూర్చుని నోరు మూసుకోవడం సాధన చేశాను. తాళంచెవి మళ్ళీ కుట్టుపెట్టెలో వేశాను. ఆరింటికి బండి చప్పుడైంది. హార్లన్ తలుపు తట్టాడు. తన ఇంటి తలుపు. "తెరిచే ఉంది" అందామనుకుని, అది కూడా మాటే కదా అని వెళ్ళి తెరిచాను. సన్నబడ్డాడు. చొక్కా ఎవరో ఇస్త్రీ చేసిచ్చారు, కాలరు నేను చేసినదానికంటే బాగా నిలబడింది. నేనేమీ అనలేదు.

వడ్డించాను. ఎదురుగా కూర్చున్నాను. గోడగడియారం చప్పుడు అంత పెద్దదని యాభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి తెలిసింది. అతను గుమ్మడి ముక్క కత్తితో కాక ఫోర్కు అంచుతో నొక్కి కోస్తుంటే మాట నాలుక చివరకి వచ్చింది, మింగాను. గడ్డానికి టమాటా అంటుకుంటే మింగాను. చప్పరిస్తూ నమిలితే మింగాను. ఇంత మింగినా కడుపు నిండలేదు మార్లిస్. కానీ అతను తిన్నాడు. మొదటి ముక్క అయ్యాక నా వంక చూశాడు, భయంగా, అరుస్తుందో అరవదో తెలియని కుక్కని చూసినట్టు. నేను ఇంకో ముక్క వేశాను. అదీ తిన్నాడు. చిట్టి క్యాబేజీలు ఒక్కటి వదల్లేదు. ఇరవై ఆరు నిమిషాలు. గడియారం చూస్తూనే ఉన్నాను. కిటికీలోంచి బండి వెనక సంచీ కనబడుతోంది. దాన్ని ఏ గదిలో పెట్టాలో, ఏ సొరుగులో బట్టలు సర్దాలో కూడా అనుకున్నాను.

తిన్నాక లేచాడు. పళ్ళెం తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళాడు. చొక్కా చేతులు మడిచి, వేణ్ణీళ్ళు తిప్పి, ముందు గ్లాసు, తర్వాత ఫోర్కు, ఆ తర్వాత పళ్ళెం, వరసగా కడుగుతున్నాడు. నా పళ్ళెం కూడా తీసుకున్నాడు. తుడిచి, తువ్వాలు మూడు మడతలు పెట్టి ఓవెన్ పిడికి తగిలించాడు. నేనెప్పుడూ రెండు మడతలే పెడతాను.

అప్పుడు అన్నాను.

"ఫరవాలేదే. మార్లిస్ నీకు బాగానే తర్ఫీదు ఇచ్చింది."

నవ్వుతూనే అన్నాను. పట్టుమని పది మాటలు కూడా కావు. హార్లన్ తువ్వాలు మడత ఇంకోసారి సరిచేశాడు. కోపం లేదు. కోపం ఉంటే నాకు చేతనవును. చొక్కా చేతులు దింపి, బొత్తాలు పెట్టుకుని, కొక్కేనికి ఉన్న టోపీ తీసుకున్నాడు.

"భోజనం బాగుంది వెర్నా. ఎప్పుడూ బాగానే ఉండేది" అన్నాడు.

తలుపు తనే మెల్లగా వేసుకుని వెళ్ళాడు. బండి వెళ్ళింది. సంచీ వెళ్ళింది.

వారం నుంచీ ఆలోచిస్తున్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటే ఏమవుతుందా అని. అబద్ధం చెప్పను నీతో. మళ్ళీ ఆ తువ్వాలు మూడు మడతల్లో కనబడితే మళ్ళీ అంటాను. కత్తికి పదును పెట్టడమే నేర్చుకున్నాను, ఒరలో పెట్టడం ఏ పుస్తకంలోనూ చదవలేదు. కనక అతను రాకపోవడమే అతని గుండెకి మంచిది. నాకు ఇష్టమై రాయడంలేదు ఇది, లెక్క అలా తేలింది.

ఈ గిన్నె చర్చికి వెళ్ళే ఓర్డెల్ చేత పంపుతున్నాను. అది దార్లో విప్పి చూస్తుంది, చూడనీ. ఖాళీగా పంపడంలేదు. చెట్టు మీది ఆఖరి ఆపిల్స్, పద్నాలుగున్నాయి, ఒక్కోటి కాగితంలో చుట్టాను. నేలమాళిగలో పెట్టు, ఫిబ్రవరిదాకా ఆగుతాయి. ఆ తర్వాత వసంతమే. దుకాణంలోవి కొనకు, అవి తీపి, ఉప్పు లోటు తీర్చవు. పొద్దున తెల్లమాత్ర, రాత్రి పసుపుమాత్ర. ఇంకొక్కటి. నీ మీట్‌లోఫ్ గట్టిగా వచ్చింది, చేత్తో అదిమావు. ఓట్స్ ఇంకో ఐదు నిమిషాలు నాననివ్వు.

అదిగో, మళ్ళీ. చూశావా?

గిన్నె అడుగున కొత్త టేపు అంటించి, గుండ్రటి అక్షరాలతో నీ పేరు నేనే రాశాను. ఇక పీకకు.

వెర్నా